నవంబరులో బైకు మీద అరకు, పాడేరు: మొదటిసారి ఘాట్ ఎక్కేవాళ్లకి, వెనక మనిషితో రెండు రోజుల దారి

మీరు అడిగింది ఇదీ: వైజాగ్ నుంచి 150 సీసీ బండి మీద, వెనక మీ ఆవిడని కూర్చోబెట్టుకుని, నవంబరు రెండో శనివారం బయలుదేరి అరకు, పాడేరు, లంబసింగి మూడూ చుట్టి ఆదివారం రాత్రికి ఇల్లు చేరగలమా? ఇంతకుముందు ఘాట్ రోడ్డు ఎప్పుడూ నడపలేదు. లంబసింగి మంచు దొరకాలంటే రాత్రి 2 గంటలకే బయలుదేరాలని స్నేహితులు అంటున్నారు, అలా వెళ్లొచ్చా?

బండి సరిపోతుంది. రెండు రోజులూ సరిపోతాయి. లంబసింగిని ఈసారికి వదిలేయండి. రాత్రిపూట ఘాట్ ఎక్కే ఆలోచన పూర్తిగా మానుకోండి. శనివారం పొద్దున్నే బయలుదేరి కొత్తవలస, ఎస్.కోట, అనంతగిరి మీదుగా అరకు. మధ్యాహ్నం అక్కడి నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట దారిలో పాడేరు. రాత్రికి పాడేరులో పడక. ఆదివారం పాడేరు ఘాట్ దిగి మాడుగుల, చోడవరం, సబ్బవరం మీదుగా ఇల్లు. అంతా కలిపి 270 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. చదువుతుంటే తక్కువ అనిపిస్తుంది. ఇద్దరితో, ఆగుతూ, చూస్తూ వెళ్లడానికి సరిగ్గా సరిపోతుంది.

నేను వైజాగ్‌లో బండ్లు బాగుచేస్తాను. కార్తీకం వచ్చేసరికి కొండలకెళ్లే బండ్లు శుక్రవారం మా షెడ్డు ముందు వరుస కడతాయి. వాటిలో కొన్ని మళ్లీ సోమవారం వస్తాయి. ఏం చూసుకుని వెళ్లారో, ఏం అరిగి తిరిగొచ్చాయో రెండూ నా కళ్ల ముందే ఉంటాయి. ఏటా వానలు తగ్గాక నేను కూడా ఆ దారులు తిరుగుతాను. కింద రాసేది ఆ రెండు అనుభవాల నుంచీ.

లంబసింగి ఎందుకు వద్దన్నానంటే

లంబసింగికి పేరొచ్చింది గడ్డకట్టే చలి వల్ల. ఆ చలి అసలు రూపం డిసెంబరు సగం గడిచాక, జనవరిలో కనిపిస్తుంది. నవంబరు రెండో వారంలో అక్కడ చల్లగా, హాయిగానే ఉంటుంది, కానీ జనం ఫోటోల్లో చూసి ఊహించుకునేది దొరుకుతుందన్న నమ్మకం లేదు. దానికోసం రెండో రోజు పాడేరు నుంచి చింతపల్లి మీదుగా ఇంకో అరవై కిలోమీటర్ల కొండదారి కలుపుకోవాలి. ఆపైన నర్సీపట్నం వైపు ఘాట్ దిగి, అనకాపల్లి దగ్గర హైవే రద్దీలో చీకటిపడ్డాక ఇంటికి చేరాలి. అలసిన మనిషి చీకట్లో హైవే ఎక్కడం ఈ మొత్తం ప్రయాణంలోకెల్లా ప్రమాదమైన భాగం అవుతుంది. లంబసింగిని జనవరిలో నర్సీపట్నం వైపు నుంచి విడిగా పెట్టుకోండి.

నవంబరులో చూడాల్సింది అరకు, పాడేరు మధ్యనే ఉంది. వలిసెలు పూసే కాలం ఇది. నూనె కోసం వేసే పంట. కొండల వాలు మీద, లోయ మడుల్లో పసుపు పరిచినట్టు పూస్తుంది. రోడ్డు పక్కన కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాయలు ఆకుపచ్చ నుంచి ఎరుపుకి తిరుగుతుంటాయి. వరి కోతలు, చోళ్ల (రాగుల) కోతలు నడుస్తుంటాయి. వానలకి నిండిన గెడ్డలు (వాగులు) ఇంకా పారుతూ ఉంటాయి. ఇవన్నీ పగటి వెలుతురులో కనిపించేవి. రాత్రి 2 గంటలకి బయలుదేరితే వీటిలో ఒక్కటీ చూడకుండా పక్కనుంచి దాటిపోతారు. వలిసె పొలాల దగ్గర ఫోటోలకి రైతులు కొంత సొమ్ము అడుగుతారు, ఇవ్వండి. గట్టు మీద నిలబడి తీసుకోండి. మొక్కల్లోకి దిగితే తొక్కిన మేర గింజ రాదు.

చీకటి సంగతి

నవంబరు మధ్యలో మన వైపు సాయంత్రం 5:20కే సూర్యుడు దిగిపోతాడు. కొండల మధ్య అంతకు గంట ముందే రోడ్డు మీద నీడ పడుతుంది. అందుకే శనివారం పాడేరు 4 గంటలకల్లా చేరండి. తెల్లవారేది 6 దగ్గర. అంటే మీ చేతిలో ఉన్నది పది, పదకొండు గంటల వెలుతురు. ప్రయాణం మొత్తాన్ని దాన్లో ఇరికించుకోవాలి. ఘాట్లో వెనక మనిషితో గంటకి 25 నుంచి 30 కిలోమీటర్లకి మించి లెక్కేసుకోకండి. మ్యాపు చూపించే సమయం ఎక్కడా ఆగకుండా వెళితేనే.

ఇంకో విషయం చాలామందికి నడిపితే తప్ప తెలియదు. బైకు హెడ్‌లైటు బండి ముక్కు ఎటు ఉంటే అటే కొడుతుంది. మలుపులో మీరు చూడాల్సింది మలుపు లోపలి వైపు, లైటు పడేది ఎదురుగా ఉన్న చెట్ల మీదో, లోయ మీదో. బండి వాలితే లైటు కూడా వాలి, వెళ్లాల్సిన వైపు ఇంకా చీకటవుతుంది. దానికి తోడు తారు వెచ్చగా ఉంటుందని ఆవులు, గేదెలు రాత్రి రోడ్డు మీదే పడుకుంటాయి. నల్ల గేదె, నల్ల రోడ్డు, పొగమంచు. పదిహేను అడుగుల దూరం వచ్చేదాకా కనిపించదు.

మంచు చూడాలని ఉంటే దానికి వేరే ఉపాయం ఉంది. పాడేరుకి దగ్గర్లోనే వంజంగి కొండ. రాత్రి పాడేరులో పడుకుని, తెల్లవారుజామున అక్కడి జీపో ఆటోనో మాట్లాడుకుని వెళ్లండి, మీ బండి లాడ్జీలోనే ఉంచండి. చివర్లో కొంత నడక ఉంటుంది. ముందురోజు వాన చినుకు పడి, రాత్రి ఆకాశం తెరిపిచ్చి, గాలి లేకపోతే పొద్దున్నే లోయంతా మేఘం నిండి ఉంటుంది. ఈ మూడూ కలవని రోజు వట్టి కొండలే కనిపిస్తాయి, దానికి సిద్ధపడి వెళ్లండి.

శనివారం ఎలా నడపాలి

ఉదయం 6కి ఇంట్లో కదలండి. పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోట దాకా మామూలు రోడ్డే. ఎస్.కోటలో టిఫిన్ చేసి, ట్యాంకు నింపి, టైర్లలో గాలి మరోసారి చూసుకోండి. ఇక్కడ నింపితే మళ్లీ అరకులో, పాడేరులో బంకులున్నాయి, పెట్రోలుకి భయం లేదు. బొడ్డవర దాటాక ఘాట్ మొదలు. టైడ, దముకు వ్యూపాయింట్, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట వరుసగా వస్తాయి. గాలికొండ దగ్గర రోడ్డు అరకు లోయ కన్నా ఎత్తులో ఉంటుంది. అక్కడ గాలి తగిలి మీ ఆవిడ వణికితే అరకులో ఇంకా చలేమో అని కంగారు పడకండి, దిగాక తగ్గుతుంది. పక్క కొండ అంచున సొరంగాల్లో దూరుతూ, బయటపడుతూ పోయే కొత్తవలస, కిరండూల్ రైలు మార్గం కనిపిస్తుంది. చూడాలనుకుంటే బండి ఆపి చూడండి. నడుపుతూ తల తిప్పకండి.

బొర్రా గుహలు కూడా చూడాలనుకుంటే పక్కదారి పట్టాలి, రెండు గంటలు తీసిపెట్టుకోవాలి. అది పెట్టుకుంటే అరకులో మ్యూజియం, పద్మాపురం తోట వదులుకోవాలి. రెండూ పెట్టుకుని పాడేరు దారిలో చీకటి చేసుకోవద్దు. బొర్రా దగ్గర కోతులు బండికి తగిలించిన సంచులు విప్పేస్తాయి. తినేవి ఏవీ బండి మీద వదలకండి.

అరకులో మధ్యాహ్నం భోజనం అయ్యాక 1:30కల్లా కదలండి. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి. పలకరాయి మీద జారుతూ పారే గెడ్డ. చూడటానికి లోతు లేదు, కానీ నాచు పట్టిన రాయి మీద బైకు బూట్లు అసలు నిలవవు. ఒడ్డునే కూర్చోండి. అక్కడి నుంచి పాడేరు దాకా పెద్ద ఘాట్ లేదు, ఎత్తుపల్లాల మెలికల దారి. ఈ రెండు రోజుల్లో మీకు బాగా గుర్తుండేది ఈ ముక్కే అవుతుందని నా నమ్మకం.

మలుపుల్లో

మొదటిసారి ఘాట్ ఎక్కేవాళ్లకి నేను చెప్పే మాట ఒకటే: వేగం అంతా మలుపు రాకముందే తగ్గించేయండి. మలుపు లోపల బ్రేకు వేయాల్సి వచ్చిందంటే ఎక్కువ వేగంతో దిగారన్నమాట. ముందే రెండు బ్రేకులూ వేసి, గేరు తగ్గించి, ఆ గేరులోనే కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ మలుపు దాటాలి. క్లచ్ పట్టుకుని మలుపు తిరగకండి. క్లచ్ పట్టుకుంటే బండి మీ అదుపులో ఉండదు, వాలు దాన్ని ఎటు లాగితే అటు పోతుంది.

చూపు మలుపు చివర పెట్టండి. గుంటనో, గోడనో తదేకంగా చూస్తే చెయ్యి దానివైపే పోతుంది. ఇది కొత్తవాళ్లకే అని అనుకోకండి, ఎవరికైనా అంతే.

ఎడమ మలుపుల్లో చాలామంది లోపలి అంచుకి ఆనుకుని మొదలుపెడతారు. సగం మలుపు అయ్యేసరికి బండి బయటికి కొట్టుకొచ్చి మధ్య గీత దాటుతుంది. సరిగ్గా అప్పుడే ఎదురుగా బస్సు. మీ వైపు రోడ్డులో గీతకి దగ్గరగా మొదలుపెట్టి, మలుపు అవతల ఏముందో కనిపించాకే లోపలికి తీసుకోండి. కుడి మలుపుల్లో తేడా ఇంకోటి. టైర్లు గీతకి ఇవతలే ఉంటాయి గానీ, బండి వాలినప్పుడు మీ తల గీత అవతలకి వెళ్లిపోతుంది. టైర్లతో పాటు మీ తల కూడా మీ వైపే ఉండాలి. బస్సు అద్దం తగిలేది తలకే.

పూర్తిగా వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపుల్లో బస్సుకి, లారీకి రోడ్డంతా కావాలి. అది డ్రైవరు తప్పు కాదు, బండి పొడవు అంత. మలుపుకి ముందే హారన్ ఒకసారి కొట్టి, చెవి పెట్టి వినండి. పెద్ద బండి వస్తున్న చప్పుడు వినిపిస్తే మలుపుకి ఇవతలే ఎడమ పక్కన ఆగి దాన్ని పోనివ్వండి. చెవుల్లో పాటలు పెట్టుకుంటే ఈ పని కుదరదు. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి, నిబంధన కూడా అదే. ఆగిన చోట మళ్లీ ఎక్కడం ఎంత కష్టమో ఎక్కేవాళ్లకి తెలుసు.

ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్‌లో ఇంజన్ ఆగిపోయి బండి లోపలి వైపు పడిపోవడం కొత్తవాళ్లకి తరచూ జరుగుతుంది. వెనక మనిషి ఉంటే మరీ. రెండో గేరు గుంజుతున్నట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా మలుపుకి ముందే మొదటి గేరు వేయండి.

దిగడం

ఎక్కడం కన్నా దిగడమే పెద్ద పరీక్ష. మీ ప్లానులో అది ఆదివారం వస్తుంది, పాడేరు నుంచి మాడుగుల వైపు. సుమారు 800 మీటర్ల ఎత్తు కొద్ది దూరంలోనే దిగిపోతారు. బండి, ఇద్దరు మనుషులు, సామాను కలిపి 290 కేజీలు వేసుకుందాం. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి ఏడు లీటర్ల చల్లటి నీళ్లని మరిగించడానికి సరిపోతుంది. ఆ వేడి ఇంజనైనా తీసుకోవాలి, బ్రేకులైనా తీసుకోవాలి. మీరు న్యూట్రల్ వేస్తే ఇంజన్ వాటా పోయి దాదాపు అంతా బ్రేకుల మీద పడుతుంది.

పెట్రోలు మిగులుతుందని ఘాటంతా న్యూట్రల్లో దిగిన ఒక కుర్రాడి బండి సోమవారం నా దగ్గరికొచ్చింది. వెనక డ్రమ్ము విప్పితే బ్రేకు షూల పైభాగం అద్దంలా మెరుస్తోంది, వేలు పెడితే జారిపోతోంది. కాలిన వాసన ఇంకా ఉంది. తొక్కితే చప్పుడు తప్ప పట్టు లేదు. అతను ఇల్లు చేరాడంటే చివరి మలుపుల తర్వాత రోడ్డు చదును కావడం వల్లే. అంతా చేసి అతను మిగుల్చుకున్న పెట్రోలు ఒక్క టీ డబ్బులు కూడా ఉండదు.

పద్ధతి ఇది: ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. నిటారు చోట రెండో గేరు, కాస్త వాలు తగ్గితే మూడో గేరు. ఇంజన్ కొంచెం అరుస్తుంది, అరవనివ్వండి, దానికేమీ కాదు. బ్రేకు మీద వేలు ఆనించి ఉంచకండి. అవసరమైనప్పుడు గట్టిగా వేసి పూర్తిగా వదలండి, వదిలినప్పుడే అది చల్లబడుతుంది. ముందు డిస్క్ బ్రేకు లివర్ మెత్తబడి లోపలికి పోతున్నట్టు అనిపిస్తే, లేదా వెనక నుంచి కాలిన వాసన వస్తే, సురక్షితమైన చోట ఆగి పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చోండి. చల్లబరచడానికి నీళ్లు పోయకండి. వేడెక్కిన ఇనుము మీద చన్నీళ్లు పడితే డిస్క్ వంకర పోవచ్చు.

దారిలో అమ్మవారి పాదాల దగ్గర బండ్లు ఆపి మోదకొండమ్మ తల్లికి దండం పెట్టుకుని వెళ్లడం డ్రైవర్ల అలవాటు. మీరూ ఆగండి. భక్తి సంగతి మీ ఇష్టం, బ్రేకులకి విరామం దొరకడానికి కూడా అది మంచి చోటు. దిగాక మాడుగులలో హల్వా కొనుక్కోండి. గోధుమపాలతో చేస్తారు, ఇంటికి తీసుకెళ్లడానికి బాగా నిలవ ఉంటుంది.

ఈ కాలంలో రోడ్డు మీద ఉండేవి

వానాకాలం అయిపోయింది కదా, రోడ్డు ఆరిపోయి ఉంటుందనుకుంటారు. ఎండ తగలని మలుపుల్లో పొద్దున్న 10 దాకా మంచు తడి ఆరదు. కొండ వైపు నుంచి ఊట నీరు సన్నగా రోడ్డుకి అడ్డంగా పారుతుంటుంది, దాని కింద పచ్చగా నాచు. ఎండలోంచి ఒక్కసారిగా చెట్ల నీడలోకి వెళ్లినప్పుడు కళ్లకి అది తెలియడానికి క్షణం పడుతుంది. అందుకే నీడ మొదలయ్యే ముందే వేగం తగ్గించండి. నేషనల్ హైవే 516ఈ పనుల దగ్గర మలుపుల్లో కంకర, మట్టి ఉంటాయి. తడి మీదైనా, కంకర మీదైనా బండిని నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా దాటండి.

అరకు, పాడేరు మధ్య ఊళ్లలో కోతల తర్వాత వడ్లు, చోళ్లు, సామలు రోడ్డు మీదే ఆరబోస్తారు. ఎండుగడ్డి పరిచి బండ్ల చక్రాల కింద నూర్పిడి అయ్యేలా కూడా వేస్తారు. కారుకి ఏమీ కాదు, బైకు మాత్రం గింజల మీద గోలీల మీద ఎక్కినట్టు జారుతుంది. గడ్డి అయితే చైన్‌లోకి చుట్టుకుంటుంది. ఆరబోసిన చోటు చుట్టూ రాళ్లు పేరుస్తారు, సాయంత్రం గింజలు ఎత్తేశాక కొన్ని రాళ్లు అక్కడే ఉండిపోతాయి. ఊరు రాగానే గంటకి 20కి తగ్గించి, పక్క నుంచి వెళ్లండి. అది వాళ్ల ఏడాది తిండి, దాని మీదుగా తొక్కించకండి.

బండి

గురువారానికల్లా చూపించండి, శుక్రవారం సాయంత్రం తీసుకొస్తే ఎవరూ సరిగా చూడలేరు. నేనైతే ముందు టైర్లు చూస్తాను. పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 3221 అని ఉంటే 2021లో 32వ వారం తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటిన టైరు, గాడి మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడి తడి మీద పట్టదు. వెనక టైరు మధ్యలో చదునుగా అరిగి అంచులు కొత్తగా ఉంటే, మలుపులో బండి ఆ అంచు మీద నుంచి తటాలున పడినట్టు వాలుతుంది. సిటీలో తిరిగే బండ్లన్నీ ఇలాగే ఉంటాయి. బాగా చదునైతే మార్చేయండి.

గాలి ఇద్దరి బరువుకి పెట్టించండి. పల్సర్ 150 లాంటి వాటికి ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరికి 32 అని ఉంటుంది. మీ బండి స్టిక్కరు మీద వేరే అంకె ఉంటే అదే పాటించండి. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. వెనక షాక్ అబ్జార్బర్ల గట్టిదనం ఒకటి రెండు మెట్లు పెంచండి, లేకపోతే వెనక కుంగి, హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది.

బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే మార్పించండి. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరాక అది 155కి పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు ఆ తేడాయే బ్రేకు లివర్‌లో మెత్తదనంగా తెలుస్తుంది. చైన్ బిగువు కూడా చూపించండి. మిగతావి మామూలే: ప్యాడ్లు, షూలు, కేబుళ్లు, బ్రేకు లైటు. ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ కిట్టు, చిన్న పంపు పెట్టుకోండి. ట్యూబ్ టైరు అయితే కొత్త ట్యూబు ఒకటి.

వెనక కూర్చునే మనిషి

దీన్ని ఎవరూ అడగరు. సగం ప్రయాణం ఆవిడదే. వెనక కూర్చున్నవాళ్లు మలుపులో భయపడి ఎదురు వైపు వాలితే బండి తిరగదు. బయలుదేరే ముందు ఒక్క మాట చెప్పండి: బండి ఎటు తిరుగుతుంటే మీ ఆ వైపు భుజం మీదుగా రోడ్డు చూడమనండి. అలా చూస్తే శరీరం దానంతటదే సరైన వైపుకి వాలుతుంది. రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవాలి, ఘాట్లో ఒక పక్కకి కూర్చోవడం వద్దు. చున్నీ, చీర కొంగు, వేలాడే పట్టీలు ఏవీ ఉండకూడదు. అవి చక్రంలో, చైన్‌లో చుట్టుకుంటే మనిషిని వెనక్కి లాగేస్తుంది. ఆవిడకీ ఐఎస్ఐ ముద్ర ఉన్న, గడ్డం కింద పట్టీ సరిగా బిగిసే నిండు హెల్మెట్టే ఇవ్వండి, అరటోపీ కాదు. బ్యాగు మీ వీపుకి తగిలించుకుంటే ఆవిడకి కూర్చునే చోటు ఉండదు. పక్క సంచుల్లో సమంగా సర్దండి. ముప్పావు గంటకోసారి ఆగండి, ఆవిడ అడిగేదాకా చూడకండి.

చలికి లావు స్వెటరు కన్నా గాలి దూరని పై పొర ముఖ్యం. లోపల స్వెటరు వేసుకుని పైన రెయిన్‌కోటు వేసుకున్నా చాలు. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు, క్లచ్ సరిగా అందవు. హెల్మెట్ అద్దం తెల్లదే ఉండాలి. పొగమంచులో అద్దం కొంచెం తెరిచి ఉంచండి, ఊపిరి ఆవిరి పట్టదు. లైటు డిమ్‌లోనే ఉంచండి. బ్రైట్ వేస్తే మంచు మీద పడి తెల్లటి గోడలా మీ కళ్లకే తిరిగొస్తుంది.

చెక్‌పోస్టులు, తుఫాన్లు

ఏజెన్సీలో గంజాయి కోసం పోలీసులు బండ్లు ఆపి సంచులు వెతకడం మామూలే. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు ఫోన్లో డిజిలాకర్‌లో పెట్టుకోండి, సిగ్నల్ లేని చోట పనికొచ్చేలా కాగితాలు కూడా ఉంచుకోండి. ఎవరైనా సరే, ఈ సంచి కింద ఫలానా వాళ్లకి ఇచ్చేయండి అంటే తీసుకోకండి. ఎంత మంచిగా అడిగినా వద్దు. ఆ ఒక్క సంచితో మీ జీవితం కోర్టు మెట్ల మీద గడిచిపోతుంది.

అక్టోబరు, నవంబరు మనకి తుఫాన్ల నెలలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. గురువారం నాటికి బంగాళాఖాతంలో వాయుగుండం అని వాతావరణ శాఖ చెప్తే, మన మీదికి రాదన్నా సరే, ఆ వారం మానేయండి. పెద్ద వాన పడిన తర్వాత రెండు మూడు రోజులు కూడా ఘాట్లో రాళ్లు, మట్టిపెళ్లలు జారుతూనే ఉంటాయి. గది ముందే మాట్లాడుకునేటప్పుడు తేదీ మార్చుకోవచ్చో లేదో అడిగి ఉంచుకోండి. వలిసెలు ఇంకో వారం ఆగినా పూసే ఉంటాయి.

కింద ఇంకొకరు స్కూటీ మీద ఇద్దరం వెళ్లొచ్చా అని అడిగారు. అరకు దాకా ఒక్కరు నెమ్మదిగా వెళ్లి రావచ్చు. ఇద్దరితో పాడేరు ఘాట్ దిగడానికి నేను సరేనని చెప్పను. గేర్లు లేని స్కూటర్లలో వేగం బాగా తగ్గితే లోపలి క్లచ్ వదిలేస్తుంది, ఇంజన్ పట్టు పోతుంది, బరువంతా రెండు చిన్న బ్రేకుల మీదే పడుతుంది. గేరు బండి ఎవరిదైనా అడిగి తీసుకోండి, కానీ ఘాట్ ఎక్కేముందు ఒక వారం ఊళ్లో నడిపి చేతికి అలవాటు చేసుకోండి.

మీ బండి మోడలు, టైర్ల మీద ఉన్న నాలుగు అంకెలు, ఇద్దరి బరువు ఇక్కడ రాయండి. గాలి ఎంత పెట్టాలో, టైరు మార్చాలో వద్దో చెప్తాను.